ఇమ్మో దొర మోయని కుక్క

రాజుగారి పక్కన వేసిన బల్ల మీద కూర్చున్న ఇమ్మో దొరకి ఆ రోజు కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముందుకు చాపితే దర్జాగా కూర్చున్నట్టుంటుంది. వెనక్కి లాక్కుంటే దొంగలా ఉంటుంది. నిజానికి రెండోదే అతనికి తగినది. కానీ ఆ సంగతి అక్కడున్న వందల మందిలో ముగ్గురికే తెలుసు. రాజుకి, రాజీ కుదిర్చిన మఠాధిపతి రూథార్డుకి, ఇమ్మోకి.

ఎదురుగా ఏటి రేవు నుంచి చర్చి గుమ్మం దాకా బురద దారి. ఆ దారిలో ఇమ్మో మనుషులు ఇరవై ఏడుగురు వరసగా నడిచి వస్తున్నారు. కాళ్ళకి చెప్పుల్లేవు, నడుముకి కత్తుల్లేవు, ఒంటి మీద చొక్కా తప్ప ఇంకేమీ లేదు. ఒక్కొక్కడి మెడ మీదా ఒక బతికున్న కుక్క. ముందుకాళ్ళు ఒక చేత్తో, వెనకకాళ్ళు ఇంకో చేత్తో పట్టుకుని, గొర్రెపిల్లని మోసినట్టు మోస్తున్నారు. గొర్రెపిల్ల అయితే కరవదు, అదే తేడా.

'వీళ్ళని కుక్కల్ని వేలాడదీసినట్టు వేలాడదీయాల్సింది, దయతలచి వదిలేస్తున్నాం' అని నలుగురికీ చూపించడమే ఈ శిక్ష. ఒంటికి పెద్ద దెబ్బేమీ తగలదు. పోయేదల్లా పరువు. గుర్రమెక్కి కత్తి పట్టేవాడికి పరువు పోయాక ఒళ్ళు మిగిలి ఏం లాభమో ఆ శిక్ష కనిపెట్టినవాడికి బాగా తెలుసు.

ఇదంతా ఇమ్మో కోపంతో మొదలైంది. వాళ్ళ తాతల నాడు సింహాసనం ఫ్రాంకులది, అంటే ఇమ్మో జాతివాళ్ళది. ఇప్పుడు దాని మీద సాక్సన్ కూర్చున్నాడు. అది చూసి, ఇమ్మో కింద భూమి ఏలుకుంటున్న హెస్సో అనే సాక్సన్ ఒకడు, "మావాడు రాజయ్యాక ఫ్రాంకు దొరకి నేనెందుకు వంగాలి?" అన్నాడు. ఇమ్మోకి ఒళ్ళు మండింది. రాజు దగ్గరికెళ్ళి ఫిర్యాదు చేసుకోవచ్చు. కానీ సాక్సన్ మీద సాక్సన్‌కి ఫిర్యాదా అనుకున్నాడు. మనుషుల్ని వెంటేసుకుపోయి హెస్సో గడిని తగలబెట్టాడు, అడ్డొచ్చినవాళ్ళని నరికించాడు. రాజు రమ్మని కబురు పెట్టాడు, వెళ్ళలేదు. మళ్ళీ పెట్టాడు, వెళ్ళలేదు. మూడోసారి కబురు రాలేదు, రాజే వచ్చాడు. వెనకాల ఎంత సైన్యం వచ్చిందో కోట గోడ మీంచి చూశాక ఇమ్మో మఠానికి మనిషిని పంపాడు.

ఇలాంటి రాజీల్లో అన్నీ ముందే మాట్లాడుకుంటారు. రాజు కాళ్ళ మీద ఎప్పుడు పడాలి, ఎంతసేపు పడి ఉండాలి, రాజు ఎప్పుడు లేవదీసి ముద్దుపెట్టుకోవాలి, అన్నీ. జనం మాత్రం అప్పటికప్పుడు రాజు మనసు కరిగిందనుకుని కళ్ళు తుడుచుకుంటారు. రూథార్డు మఠాధిపతి ఆ పనిలో చెయ్యి తిరిగినవాడు. మూడు రోజుల కిందట మధ్యాహ్నం పూట, రేవు దగ్గర వేసుకున్న ఇమ్మో గుడారంలోకి వచ్చి, ముందు ఒక చెంబుడు బీరు తాగి, తర్వాత సంగతి చెప్పాడు.

"నీ తల నీ దగ్గరే ఉంటుంది. భూములూ నీవే. గుర్రాలు వంద ఇచ్చుకోవాలి."

"ఇస్తాను తండ్రీ. ఇంకా?"

"ఇంకా కుక్క."

"కుక్కా?" అన్నాడు ఇమ్మో.

"కుక్కని మోయించడం సాక్సన్ల ఆచారం. మిగతాది రాజు నాతో చాటుగా చెప్పి పంపాడు, విను," అన్నాడు రూథార్డు. "దండు నడిపినవాడు ఒక్కడే కుక్కని మోస్తే, వెంట వెళ్ళినవాళ్ళకి మాఫీ. వాడు మోయనంటే వెంట వెళ్ళినవాళ్ళంతా తలా ఒకటి మోయాలి. ఎవరు మోస్తారన్నది నీ ఇష్టానికి వదిలేశాడు రాజు. నన్నడిగితే నువ్వే మొయ్యి నాయనా. పావుగంట నడక. చిన్న కుక్కని చూసి పెట్టమని నేను చెబుతాను."

ఆ ముసలాయన మంచికే చెప్పాడు. కానీ 'చిన్న కుక్క' అన్న మాట దగ్గర ఇమ్మోకి తల కొట్టేసినట్టయింది. తన మెడ మీద కుక్కపిల్ల, రెండు పక్కలా సాక్సన్ ఆడవాళ్ళు, వాళ్ళ మధ్యలో ఇకిలిస్తూ హెస్సో. వందేళ్ళ తర్వాత కూడా తన వంశం పేరు చెప్పగానే ఎవడో ఒకడు భౌ అంటాడు.

"వాళ్ళే మోస్తారు," అన్నాడు.

"వాళ్ళని అడిగావా?"

"నా మనుషులు తండ్రీ. అడిగేదేముంది? ఒక్క సాయం చెయ్యండి. ఎంచుకోమన్నారన్న మాట మనిద్దరి మధ్యే ఉండనివ్వండి."

రూథార్డు చెంబు కింద పెట్టి అతని మొహంలోకి చూశాడు. "నేను చెప్పను. నీకు చెప్పబుద్ధి కావాలని మాత్రం ప్రార్థన చేస్తాను," అని లేచి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఇమ్మో తన మనుషులతో "రాజు మీకు కుక్కల శిక్ష వేశాడు" అన్నాడు. ఫ్రాంకుల్లో ఆ ఆచారం లేదు. దొరకి గుర్రాలు, బంట్లకి కుక్కలు, సాక్సన్ల పద్ధతి ఇదే కాబోలనుకున్నారు వాళ్ళు. ఎవరికీ అనుమానం రాలేదు. పైపెచ్చు వాళ్ళే అతన్ని ఓదార్చారు.

ఇప్పుడు వరసలో ముందు నడుస్తున్నది వోల్క్‌మార్. ఇమ్మోకి పాలిచ్చి పెంచిన దాది కొడుకు. ఇద్దరూ ఒకే రొమ్ము పాలు తాగారు, ఒకే గుర్రం మీంచి కిందపడ్డారు. నలుగురిలో 'దొరా' అంటాడు, ఎవరూ లేనప్పుడు 'ఇమ్మో' అంటాడు. అతని మెడ మీద పడింది దూడంత వేటకుక్క.

"కదలకే తల్లీ," అంటున్నాడు దానితో. "నీకూ ఇష్టం లేదు, నాకూ ఇష్టం లేదు. ఆ గుమ్మం దాకా ఓర్చుకున్నామంటే ఎవరి దారి వాళ్ళది."

"ఫ్రాంకుల పెళ్ళి ఊరేగింపు చూడండే," అని అరిచింది ఒక సాక్సనావిడ. "పెళ్ళికూతురికి తోక కూడా ఉంది."

"మీ ఇంటి పిల్లే అమ్మా, మేనత్త పోలిక," అన్నాడు వోల్క్‌మార్, నడక ఆపకుండా. జనం ఘొల్లుమన్నారు. ఈసారి నవ్వు ఆ ఆడమనిషి మీద. వెనక నడిచేవాళ్ళ భుజాలు కాస్త తేలికపడ్డాయి. ఇమ్మోకి మాత్రం ఆ హాస్యం గుండెలో ముల్లులా దిగింది. తనని తిట్టుకుంటూ నడిచినా ఇంతకంటే నయంగా ఉండేది.

దారి సగంలో ఓస్డాగ్‌ని అతని మెడ మీది కుక్క కరిచింది. ఓస్డాగ్ వోల్క్‌మార్ చెల్లెలి మొగుడు, మాట తక్కువ మనిషి. కుడి చేతి బొటనవేలి మొదట్లో పళ్ళు దిగాయి. చెయ్యి వదిలేశాడు, కుక్క కిందపడి రేవు వైపు పారిపోయింది. కింద పడేస్తే మళ్ళీ మొదటి నుంచి మోయాలి, అది నియమం. ఓస్డాగ్ రక్తం కారుతున్న చెయ్యి చొక్కాకి తుడుచుకుని, కుక్కని వెతుక్కుంటూ వెనక్కి నడిచాడు. జనం వాడి వెనకే మొరుగుతూ వెళ్ళారు.

అప్పటికి గుమ్మానికి పది అడుగుల దూరంలో ఉన్న వోల్క్‌మార్ ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఆ దూడంత కుక్కని మెడ మీద సర్దుకుని, ఎవరూ అడక్కుండానే రేవు దాకా వెనక్కి నడిచి, ఓస్డాగ్ పక్కన నిలబడ్డాడు. పారిపోయిన కుక్క దొరికాక ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు.

ఇమ్మో సగం లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. రాజు అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"కూర్చో," అన్నాడు మెల్లిగా. "మొన్న లేచి ఉంటే సరిపోయేది."

అంతా అయ్యాక రాజు చర్చి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. ఆ ఇరవై ఏడుగురికీ కొత్త ఉన్ని శాలువాలు కప్పించాడు, వేడి గంజి, పంది మాంసం పెట్టించాడు. వోల్క్‌మార్ భుజం మీద చెయ్యివేసి, "ఇలాంటి మనిషి నా దగ్గర ఉంటే బావుండనిపిస్తోంది. నా కొలువులోకి వస్తావా?" అన్నాడు.

"మన్నించండి ప్రభూ," అన్నాడు వోల్క్‌మార్. మెడ మీద గోళ్ళు గీరిన గీతలు ఎర్రగా తేలి ఉన్నాయి. "మా తలలు దక్కించడానికి మా దొర వంద గుర్రాలు ఇచ్చుకున్నాడు. అలాంటివాణ్ణి వదిలి ఎలా వస్తాం?"

రాజు ఇమ్మో వైపు చూశాడు. ఇప్పుడు చెప్పేస్తాడనుకున్నాడు ఇమ్మో. చెప్పేస్తే బావుండునని కూడా అనుకున్నాడు. రాజు చెప్పలేదు. "మంచిది. అదృష్టవంతుడు మీ దొర," అని వెళ్ళిపోయాడు. అది దయో, కసో ఇమ్మోకి ఎప్పటికీ తేలలేదు.

ఆ చలికాలం అతను సరిగ్గా తినలేదు. ఓస్డాగ్ చెయ్యి మానింది గానీ బొటనవేలు బిగుసుకుపోయింది. కత్తి పిడి చుట్టూ వేళ్ళు మూయడానికి ఎడమ చేతి సాయం కావాలి. వోల్క్‌మార్ సంతకెళితే బండి చాటు నుంచి ఎవడో మొరిగేవాడు. వెనక్కి తిరిగి చూస్తే అందరూ పెద్దమనుషులే, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ ఉండేవాళ్ళు. ఇరవై ఏడుగురిలో ఒకడు ఆదివారం చర్చికి రావడం మానేశాడు. ఒకడు తాగుడు మొదలుపెట్టాడు. అందరూ కలిసి రాజుని తిట్టేవాళ్ళు. ఇమ్మో ఎదురుగానే తిట్టేవాళ్ళు. అతను తలాడించేవాడు. ఆడించిన ప్రతిసారీ తన తల తనకే బరువనిపించేది.

చెప్పేద్దామని నాలుగైదు సార్లు నోరు తెరిచాడు. ఒకసారి బీరు ఇంకాస్త పొయ్యమని మూశాడు. ఒకసారి వాన గురించి మాట్లాడి మూశాడు. ఈస్టర్ ముందు పాపాలు ఒప్పుకోవడానికి ఫాదర్ ముందు మోకరిల్లి, తినకూడని శుక్రవారం నాడు మాంసం తిన్నానని చెప్పుకుని లేచి వచ్చాడు. ఆ శుక్రవారం అతను మాంసం తినలేదు కూడా. ఒక పాపం దాచడానికి ఇంకో పాపం కల్పించుకునేంత దూరం వెళ్ళాడు, పాపం.

ఉపవాసాల రోజుల్లోనే తూర్పు సీమనేలే గీసెలర్ డ్యూకు దగ్గర్నుంచి ఒక మనిషి వచ్చాడు. డ్యూకు రాజు మీద తిరగబడుతున్నాడు. ఇమ్మో కలిసొస్తే హెస్సో భూములు, సరిహద్దు కోట, అడిగినవన్నీ ఇస్తానన్నాడు.

"మీ మనుషులకి రాజు మీద కసి ఉందని విన్నాం," అన్నాడు ఆ వచ్చినవాడు. "జీతాలిచ్చి తెచ్చుకున్న దండు కంటే అలాంటివాళ్ళు పదింతలు నయం."

ఇమ్మోకి ఆ మాట బాగా అర్థమైంది. తను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని ఉండటం. కుక్కలు మోయించింది రాజని నమ్ముతున్నంతకాలం ఈ ఇరవై ఏడుగురూ ఎక్కడికైనా వస్తారు. గెలుస్తారా అంటే, గోడ మీంచి చూసిన ఆ సైన్యం అతనికి ఇంకా కళ్ళలో ఉంది. సగంమంది తిరిగి రారు. అది తెలిసీ అతనికి ఆ సరిహద్దు కోట కావాలనిపించింది. తాత కట్టించిన కోట అది. కావాలనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. వేసినా, వద్దని మాత్రం చెప్పలేదు.

వోల్క్‌మార్‌ని పిలిచి అడిగాడు. "నీకేమనిపిస్తోంది?"

"అడగాలా ఇమ్మో? మావాళ్ళందరూ ఎప్పుడో ఒట్టేసుకున్నారు. నువ్వెప్పుడంటావా అని చూస్తున్నాం."

"ఓస్డాగ్ వద్దు. చెయ్యి బాగాలేదు కదా."

"వాడు ముందు గుర్రమెక్కుతాడు. ఎడమ చేత్తో కత్తి తిప్పడం నేర్చుకున్నాడు, చలికాలమంతా దొడ్లో అదే పని. మా చెల్లెలు తిడుతోంది, కోళ్ళు బెదిరి గుడ్లు పెట్టడం మానేశాయిట."

ఈస్టర్ అయిన మంగళవారం పొద్దున్నే ప్రయాణం. కోట లోపలి వాకిట్లో గుర్రాల కింద వేసిన గడ్డి చెల్లాచెదురుగా పడి ఉంది. ఫాదర్ అందరికీ రొట్టె పెట్టి దీవించాడు. తర్వాత యుద్ధానికి వెళ్ళేముందు ఎప్పుడూ చేసేదే చేశారు. ఒకరి మీద ఒకరికి మనసులో ఏమున్నా చెప్పుకుని మన్నించమని అడగాలి. అడిగినవాణ్ణి కాదనకూడదు. మనసులో కల్మషం పెట్టుకుని చస్తే అది వెంట వస్తుందంటారు. వాకిలంతా గొణుగుడు. నీ కొరడా తీసింది నేనే, మన్నించరా. మన్నించాను పో. నీ పెళ్ళాం వంట బాగోదని ఊరంతా చెప్పాను. అది నిజమే గానీ, మన్నించాను.

చివర్న అందరూ దొర దగ్గరికి వస్తారు. దొరకి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, మోకరిల్లుతారు, మన్నించానంటాడు, లేస్తారు. ఓస్డాగ్ వంతు వచ్చింది. మోకరిల్లాడు. లేవలేదు.

"ఒక మాట ఉంది దొరా. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు."

"చెప్పు."

"ఆ రోజు కుక్క కరిచి, మళ్ళీ రేవుకి నడిచానే... అప్పుడు మిమ్మల్ని తిట్టుకున్నాను. రాజుని కాదు, మిమ్మల్ని. ఈయన హాయిగా బల్ల మీద కూర్చున్నాడు, మనమిక్కడ చస్తున్నాం అనుకున్నాను. మీరు మా కోసం అన్ని గుర్రాలు ఇచ్చుకుంటే నేను అలా అనుకున్నాను. ఇన్నాళ్ళూ నాకు నిద్ర పట్టలేదు. మన్నించండి."

బిగుసుకుపోయిన బొటనవేలితోనే రెండు చేతులూ జోడించి పైకి పెట్టాడు. ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని 'మన్నించాను' అనాలి ఇమ్మో. చిన్న మాట. వెనకాల డ్యూకు మనిషి గుర్రమెక్కి సిద్ధంగా ఉన్నాడు. ఇమ్మో ఆ చేతులు పట్టుకున్నాడు, నోరు తెరిచాడు. వీడు తనని మన్నించమంటున్నాడు. చలికాలమంతా వీడికి నిద్ర లేకుండా చేసిన పాపం వీడిది కానే కాదు. ఈ ఒక్క మాట అని వీణ్ణి తీసుకెళ్ళి చంపిస్తే, ఇక తనకి మనిషి మొహం ఉండదనిపించింది.

"లే ఓస్డాగ్," అన్నాడు. "నువ్వు అనుకున్నది నిజం."

లేవలేదు వాడు. అర్థం కాలేదు.

ఇమ్మో గొంతు పెంచాడు, వాకిలంతా వినపడాలని. "ఆ కుక్కలు మీకు రాజు వేయలేదు. నేనొక్కణ్ణి మోస్తే మీ అందరికీ మాఫీ అన్నారు. ఎంచుకోమన్నారు. నాకు సిగ్గనిపించింది. మీరు మోస్తారని చెప్పాను. చెప్పి, రాజు వేశాడని మీతో అబద్ధమాడాను."

డ్యూకు మనిషి ఒకసారి ఇమ్మోని, ఒకసారి ఆ ఇరవై ఏడుగురినీ చూసి, ఎవరితోనూ చెప్పకుండా గుర్రాన్ని బయటికి తిప్పుకున్నాడు.

ఓస్డాగ్ తన చేతులు వెనక్కి తీసుకున్నాడు. లేచి నిలబడి కింద నుంచి ఒక గడ్డిపరక తీశాడు. దొర కొలువు వదులుకునేవాడు అంతకంటే ఏమీ చెయ్యనక్కర్లేదు. పరక విరిచి దొర కాళ్ళ ముందు వేస్తే చాలు, ఆ క్షణం నుంచి నువ్వు నా దొరవి కావు, నేను నీ మనిషిని కాను అని అర్థం. బొటనవేలు సాయం చెయ్యక ఓస్డాగ్‌కి ఆ పరక విరవడానికి కాస్త సమయం పట్టింది. ఇమ్మో చూస్తూ నిలబడ్డాడు. ఇవాళ కళ్ళు తిప్పుకోలేదు.

ఒకడి తర్వాత ఒకడు వచ్చారు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ అరవలేదు. పరక విరిచి, వేసి, గుర్రాన్ని పట్టుకుని ఇంటిదారి పట్టారు. చర్చికి రావడం మానేసినవాడు మాత్రం ఆగి, "ఇన్నాళ్ళూ దేవుడితో మాట్లాడటం మానేశాను దొరా, ఆయన తప్పనుకుని," అన్నాడు. చివరికి వోల్క్‌మార్ ఒక్కడే మిగిలాడు.

"నువ్వూ వెయ్యి," అన్నాడు ఇమ్మో.

వోల్క్‌మార్ వెయ్యలేదు. గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాడు.

"మూడు రోజులు," అన్నాడు. "మఠాధిపతి నీకు చెప్పాక మూడు రోజులు మాతో కూర్చుని తిన్నావు. నేను రొట్టె విరిచి పెట్టాను."

"అవును."

"నాకు కోపం కుక్క గురించి కాదు ఇమ్మో. నువ్వొక మాట అడిగి ఉండాల్సింది. 'ఒరే, నాకు సిగ్గేస్తోంది, నా వల్ల కాదు, మీరు మొయ్యండి' అని. ఒక్కడు కాదనేవాడా? నవ్వుకుంటూ మోసేవాళ్ళం. నేనయితే నీ కుక్కని కూడా మోసేవాణ్ణి."

ఇమ్మోకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. అన్ని నెలలూ తను దాచిందంతా ఒక్క మాటతో తీరిపోయేదని, ఆ మాట అడగడమే తనకి చేతకాలేదని అప్పుడు తెలిసింది. రాజు ముందు పడినప్పుడు ఎంతసేపు పడి ఉండాలో ముందే లెక్క చెప్పారు. ఇక్కడ చెప్పేవాళ్ళెవరూ లేరు. గడ్డిలో, విరిగిన పరకల మధ్య మోకరిల్లి, రెండు చేతులూ జోడించి పైకి పెట్టాడు.

"నన్ను మన్నించు వోల్క్‌మార్."

వోల్క్‌మార్ ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"మన్నించాను," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. తర్వాత చేతులు వదిలేసి, వంగి, కింద నుంచి ఒక గడ్డిపరక తీసుకున్నాడు.